అమ్మానాన్నలతో ఇబరాకి తీరం: నీలం పూల కొండకి ఏప్రిల్లో వెళ్లాలా, మానాలా?

గోదారి గట్టు | మార్చి 3, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా ఏప్రిల్ 14న అమలాపురం నుంచి వస్తున్నారు. జూన్ మొదటి వారం దాకా ఉంటారు. మేం ఉండేది నిషికసాయిలో. టోక్యోలో చూపించాల్సినవి ఎలాగూ చూపిస్తాను. కానీ నాన్నకి ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. అప్పటి నుంచి "ఆ నీలం కొండ ఎక్కడ రా, ముందు అక్కడికి తీసుకెళ్లు" అని ఒకటే గోల. అది హితాచి సీసైడ్ పార్క్ అనీ, ఇబరాకి అనే రాష్ట్రంలో సముద్రం పక్కన ఉందనీ వెతికితే తెలిసింది. అంతకు మించి ఏమీ తెలీదు.

చిక్కులు మూడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాకు గోల్డెన్ వీక్ (ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరుస సెలవులు) తప్ప సెలవు దొరకడం కష్టం, మహా అయితే మధ్యలో ఒక్క రోజు అడుక్కోవచ్చు. ఒక్క పూల కొండ కోసం అంత దూరం వెళ్లడం దండగేమో అని మా ఆవిడ అంటోంది. వెళ్లినవాళ్లు చెప్పండి.

కెమెరా సంచి | మార్చి 3, రాత్రి 11:20

ఆ ఒక్క రోజూ అడుక్కోండి సార్. మొహమాటపడకండి. ఈసారి మే 2 శనివారం నుంచి 6 బుధవారం దాకా వరుసగా ఐదు రోజులు సెలవులు. ఆ ఐదు రోజుల్లో మాత్రం అటువైపు వెళ్లకండి.

ఆ పువ్వు పేరు నెమోఫిలా. మిహరాషి కొండ నిండా 50 లక్షలకు పైగా మొక్కలు వేస్తారు. మామూలుగా ఏప్రిల్ మధ్యలో మొదలై మే మొదటి వారం దాకా ఉంటాయి. ఎండలు ముందే ముదిరిన ఏడాది కాస్త ముందే అయిపోతాయి కూడా. పూలు ఎంతవరకు విచ్చాయో పార్కు వాళ్లు తమ సైట్‌లో ఫొటోలతో పెడుతుంటారు, అది చూసి రోజు ఖాయం చేసుకోండి. నన్నడిగితే ఏప్రిల్ 20 తర్వాత ఏదో ఒక పనిదినం, పొద్దున్నే.

మబ్బు పడితే దిగులు పడకండి. ఎండలో ఆ నీలం పాలిపోయినట్టు పడుతుంది, మబ్బులో చిక్కగా పడుతుంది. కొండ, సముద్రం, ఆకాశం మూడూ కలిసిపోయే ఫొటో కావాలంటే మాత్రం ఎండ ఉండాల్సిందే.

రైలుపిచ్చోడు | మార్చి 4, ఉదయం 7:05

దిగాల్సింది కట్సుతా స్టేషన్. టోక్యో స్టేషన్ నుంచి హితాచి గానీ తొకివా గానీ, ఈ రెండు పేర్ల ఎక్స్‌ప్రెస్ రైళ్లలో గంటా పావు, గంటన్నర లోపే. జోబాన్ లైన్ మామూలు రైలు చవకే గానీ రెండు గంటలు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అందులో తీసుకెళ్లకండి.

ఈ ఎక్స్‌ప్రెస్‌లలో ఒక తమాషా ఉంది. ప్రతి సీటు పైన చిన్న దీపం ఉంటుంది. ఎరుపు వెలిగితే ఆ సీటు ఖాళీ, సీటు నంబరు లేని టికెట్ ఉన్నవాళ్లు కూర్చోవచ్చు. పచ్చది వెలిగితే ఎవరో బుక్ చేసుకున్నారు. పసుపు వెలిగితే కాసేపట్లో ఎవరో వస్తున్నారని. మనకి ఎరుపంటే ఆగిపోవడం అలవాటు కదా, మా నాన్న మొదటిసారి ఎరుపు దీపాలున్న సీట్లన్నీ వదిలేసి అరగంట నిలబడ్డాడు. మీరు ముందే సీటు బుక్ చేసుకోండి, ఈ గొడవే ఉండదు.

కట్సుతా తూర్పు గేటు బయట పార్కు బస్సు ఎక్కితే పదిహేను, ఇరవై నిమిషాలు. పడమటి గేటు దగ్గర దిగండి. అక్కడి నుంచి కొండ కాస్త నడక.

ఓరుగల్లు పోరడు | మార్చి 4, మధ్యాహ్నం 1:15

గోల్డెన్ వీక్‌లో వెళ్లి దెబ్బతిన్నవాణ్ణి నేనున్నా కదా, నా గోస వినండి. రెండేళ్ల కింద ఒక టూర్ బస్సు ప్యాకేజీ తీసుకున్నాం, నలుగురం. పొద్దున ఏడింటికి టోక్యోలో ఎక్కితే పార్కు కాడ దిగేసరికి పన్నెండున్నర దాటింది. హైవే దిగినంక కార్ల లైను కదల్నే లేదు. గంటన్నర టైమిచ్చిన్రు. అందులో బాత్రూం లైను ఇరవై నిమిషాలు. కొండ మీదికి జనం చీమల బారులెక్క పోతున్నరు. నా ఫొటోల్లో పూల కన్నా టోపీలు ఎక్కువున్నయి.

కొండ బాగుంది, అబద్ధం చెప్పను. కానీ ఇబరాకి అంటే అదొక్కటే అనుకుని వాపస్ వచ్చినం. తప్పు మాదే.

నిషికసాయి ఇల్లాలు | మార్చి 4, సాయంత్రం 4:30

గోదారి గట్టు గారూ, పోయినేడు మా అత్తగారిని తీసుకెళ్లాను, ఆవిడకీ మోకాళ్లే. పార్కులో చక్రాల కుర్చీ ఇస్తారు, గేటు దగ్గర అడగండి. కొండ పైకి మెట్లతో పనిలేదు, వాలుగా మెలికలు తిరిగే దారి ఉంది. కుర్చీ తోసేవాళ్లకి మాత్రం చెమటలు పడతాయి, ఆ పని మీదే. పైదాకా వెళ్లకపోయినా కింద నుంచి చూస్తేనే బాగుంటుంది. పార్కు చుట్టూ తిరిగే చిన్న రైలుబండి కూడా ఉంది, పట్టాలు లేనిది. అందులో కూర్చోబెడితే పెద్దవాళ్లు హాయిగా చూస్తారు. 65 దాటినవాళ్లకి టికెట్ తక్కువ. పాస్‌పోర్టులు వెంట పెట్టుకోండి.

తిండి సంగతి: అక్కడ ఏదీ నమ్మకండి. కూరగాయల ఉడాన్ (లావు నూడుల్స్) అని ఉన్నా చారులో చేప ఉంటుంది. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి. గడ్డి మైదానాల్లో దుప్పటి పరుచుకుని తినొచ్చు. నిమ్మకాయ కన్నా చింతపండు పులిహోర మేలు, సాయంత్రానికీ బాగుంటుంది. మిగిలిన చెత్త మాత్రం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

సూటిగా సుత్తి లేకుండా | మార్చి 4, రాత్రి 9:10

నా ఓటు కమాకురాకి. దగ్గర, సముద్రం ఉంది, పెద్ద బుద్ధుడున్నాడు. ఇబరాకిలో ఏముంది చెప్పండి? జపాన్ వాళ్లే ఏటా వేసే ఆకర్షణీయ రాష్ట్రాల పట్టికలో దాన్ని అట్టడుగున పెట్టేవారు. ఒకసారి కాదు, వరసగా ఏళ్ల తరబడి. ఊరికే అన్నారా?

కట్సుతా కాపురం | మార్చి 5, రాత్రి 12:35

తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి పై మాటకి జవాబు చెప్పే హక్కు నాకుంది. ఆ పట్టిక గురించి మా ఆఫీసులో జోకులు ఇక్కడివాళ్లే వేస్తారు. చివరి స్థానం నుంచి ఒక మెట్టు పైకెక్కిన ఏడాది, ఉన్న ఒక్క పేరూ పోయిందని ఒకాయన వాపోయాడు. ఊరి మీద కోపం ఉన్నవాళ్లు అలా నవ్వుకోలేరు.

మీరంతా ఏప్రిల్ ఒక్కటే పట్టుకున్నారు. ఇక్కడ ఏడాది ఎలా తిరుగుతుందో చెప్తాను, ఓపికుంటే చదవండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇబరాకి రాజధాని మితోలో ఉమే (ప్లమ్ జాతి చెట్టు) పూల ఉత్సవం. కైరాకుఎన్ తోట, 1842లో మితో ప్రభువు తొకుగావా నారియాకి వేయించినది. జపాన్ మూడు గొప్ప తోటల్లో ఒకటిగా లెక్కిస్తారు. వంద రకాల ఉమే, మూడు వేల చెట్లు. జనంతో కలిసి ఆనందించే చోటు అని ఆ పేరుకి అర్థం. తోట పక్కనే రైల్వే స్టేషన్ ఉంది గానీ ఉత్సవం రోజుల్లోనే రైళ్లు ఆగుతాయి. అదీ టోక్యో వైపు నుంచి వచ్చేవే. తిరుగు రైలుకి ప్లాట్‌ఫారమే లేదు! రైలుపిచ్చోడు గారు వచ్చి ఫొటో తీసుకుని ఉంటారనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ మొదట్లో హితాచి పట్నంలో సకురా ఉత్సవం. అక్కడ చూడాల్సింది పూలు కాదు, రథం. హితాచి ఫూర్యూమోనో అంటారు. 15 మీటర్ల ఎత్తు, 5 టన్నుల బరువు. వీధి మధ్యలో ఆగి, అంతస్తులు రెండు పక్కలకీ విచ్చుకుంటాయి. లోపల బొమ్మలు తాళ్లతో ఆడుతూ యుద్ధం చేస్తాయి, కళ్ల ముందే వేషం మార్చేస్తాయి. ఆడించేవాళ్లు లోపలే ఇరుక్కుని కూర్చుంటారు, ఒక్కరూ కనిపించరు. మన తోలుబొమ్మలాటని తిరునాళ్ల ప్రభ మీదికి ఎక్కించినట్టు ఊహించుకోండి. 1945 బాంబు దాడుల్లో చాలావరకు కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. గోదారి గట్టు గారి అమ్మానాన్నలు వచ్చేసరికి ఇది అయిపోతుంది, అదొక్కటే నా బాధ.

మే, జూన్‌లలో ఇతాకో అనే కాలువల ఊళ్లో ఐరిస్ పూల పండుగ. తెల్లటి పట్టు బట్టలు కట్టుకున్న పెళ్లికూతురిని చెక్క పడవలో కూర్చోబెట్టి కాలువలో తీసుకెళ్తారు. వేషాలు కాదు, నిజం పెళ్లికూతుళ్లే. అమలాపురం వాళ్లకి పడవలో పెళ్లివారిని చూడటం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మీవాళ్లు జూన్ దాకా ఉంటారు కాబట్టి ఇది రాసిపెట్టుకోండి. ఆ రోజుల్లోనే ఖర్బూజ జాతి మెలన్లు కూడా దిగుతాయి. దేశంలో మెలన్లు ఎక్కువ పండేది ఇబరాకిలోనే. అమ్మగారు తినగలిగే వాటిలో ఇది మొదటిది.

వేసవిలో అజిగౌరా, ఓఅరాయి తీరాల్లో స్నానాలు. అక్టోబరులో అదే నీలం కొండ ఎర్రగా మారుతుంది, కోకియా పొదలు ముప్ఫై వేలకు పైగా. నవంబరు నుంచి ఆంకో అనే చేప. నోరు ఒళ్లంతా ఉంటుంది, అంత వికారమైన చేపని నేను చూడలేదు. మెత్తగా జారిపోతుంది కాబట్టి బల్ల మీద కోయలేక కొక్కేనికి వేలాడదీసి కోస్తారు. పులుసు మాత్రం అద్భుతం. (అమ్మగారు ఈ పేరా చదవకూడదు.)

చలికాలంలో నాకు నచ్చేది మాత్రం హోషిఇమో. చిలగడదుంపల్ని ఆవిరి మీద ఉడికించి, చెక్కలుగా కోసి, సముద్రం గాలికి ఆరబెడతారు. జపాన్‌లో తయారయ్యేదాంట్లో నూటికి తొంభై వంతులు ఇబరాకిదే, అందులోనూ మా ఊరి చుట్టుపక్కల పొలాలదే. జనవరిలో సైకిలు మీద వెళ్తుంటే దారంతా తియ్యటి వాసన.

ఇప్పుడు చెప్పండి సుత్తి గారూ, ఏముంది అన్నారు కదా.

సూటిగా సుత్తి లేకుండా | మార్చి 5, ఉదయం 8:02

సరే సార్, ఒప్పుకున్నాను. మీ ఇబరాకి నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) గురించి మర్యాదగా మాట్లాడకుండా వదిలేశారు, అది మాత్రం గమనించాను.

ఓరుగల్లు పోరడు | మార్చి 5, మధ్యాహ్నం 12:50

చిలగడదుంప కాదన్నా, మొరంగడ్డ. మా దిక్కు కుంపట్ల కాల్చుకుని తింటం. ఎండబెట్టింది ఎట్లుంటది?

కట్సుతా కాపురం | మార్చి 5, సాయంత్రం 6:20

మామిడి తాండ్ర తెలుసు కదా. కాస్త అలా సాగుతుంది. చక్కెర కలపరు. పైన తెల్లగా పొడి ఉంటే బూజు అనుకుని పారేయకండి, దుంపలోంచి ఊరిన తీపే అది.

అట్లతద్ది | మార్చి 6, రాత్రి 8:44

కోకియా మాట వచ్చింది కాబట్టి. అక్టోబరులో మా అమ్మతో వెళ్లాను. ఎర్రటి గుండ్రటి పొదలు కొండంతా, వాటి మధ్య కాస్మాస్ పూలు, జనమంతా ఆహా ఓహో అంటున్నారు. మా అమ్మ ఒక పొద దగ్గర వంగి చూసి "ఇది చీపురు మొక్క కదే" అంది. నేను నవ్వాను. తీరా చూస్తే ఆవిడే కరెక్ట్. జపనీస్‌లో దీని పేరు హోకిగి, హోకి అంటే చీపురే. ఎండిన పొదల్ని నిజంగానే చీపుళ్లు కట్టేవారు. అక్టోబరు చివరికి ఎరుపు పోయి గడ్డి రంగులోకి తిరుగుతుంది, అప్పుడు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నీలం పూలకి జనం ఎగబడతారు గానీ నాకైతే చీపుళ్ల కొండే నచ్చింది. గాలి, చలి, తక్కువ రద్దీ.

ఇంకో సంగతి. ఆ పార్కున్న చోటు యుద్ధకాలంలో జపాన్ సైన్యం విమానాల మైదానం. తర్వాత అమెరికా సైన్యం బాంబులు వేయడం ప్రాక్టీసు చేసుకునే చోటుగా వాడుకుంది. 1973లో తిరిగిచ్చారు, 1991లో పార్కు తెరిచారు. ఇది మా అమ్మకి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే బాగా ఊడ్చారు" అంది.

గోదారి గట్టు | మార్చి 7, ఉదయం 9:15

అందరికీ బోలెడు థ్యాంక్స్. సెలవు దొరికింది, ఏప్రిల్ 23 గురువారం. ఇంకో ప్రశ్న. సముద్రంలో రాళ్ల మీద నిలబడి ఉండే తోరీ ద్వారం ఒకటి ఫొటోల్లో చూశాం. అదీ అక్కడేనా? అదే రోజు కుదురుతుందా?

కట్సుతా కాపురం | మార్చి 7, ఉదయం 10:40

కుదురుతుంది. అది ఓఅరాయి ఇసోసాకి గుడిది, కామిఇసో తోరీ అంటారు. దేవతలు 856లో దిగిన చోటు ఇదేనని ఆ ద్వారాన్ని అక్కడ నిలబెట్టారు. గుడి పాతది యుద్ధాల్లో పోతే, మిత్సుకుని అనే మితో ప్రభువు ఆజ్ఞతో 1690 నుంచి మళ్లీ కట్టారు. రాళ్ల మీదికి వెళ్లనివ్వరు, కెరటాలు ఊరుకోవు కూడా. రోడ్డు పక్క నుంచే కనిపిస్తుంది కాబట్టి అమ్మగారికి మెట్లెక్కే పని లేదు. మీ కాకినాడ, ఉప్పాడ వైపు లాగే ఇక్కడా పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. జనవరి 1 తెల్లవారుజామున ఆ ద్వారం వెనక సూర్యుణ్ణి చూడటానికి నిలబడే చోటు దొరకదు.

దారి ఇలా పెట్టుకోండి. పొద్దున పార్కు. మధ్యాహ్నం నాకామినాతో, అక్కడ చేపల మార్కెట్ నాన్నగారికి. అక్కడి నుంచి నాకా నది మీద వంతెన దాటితే ఓఅరాయే, ట్యాక్సీలో దగ్గర. సాయంత్రం ఓఅరాయి నుంచి మితో దాకా చిన్న రైలు, అక్కడ టోక్యో ఎక్స్‌ప్రెస్. మంగళవారం అయితే పార్కు సెలవేమో చూసుకోమని చెప్పేవాణ్ణి, గురువారానికి ఆ బెంగ లేదు.

రైలుపిచ్చోడు | మార్చి 7, ఉదయం 11:02

వీలుంటే నాకామినాతోకి కట్సుతా నుంచి మినాతో లైన్ ఎక్కండి. ఒకటి రెండు పెట్టెల డీజిల్ బండి. మొత్తం లైను 14.3 కిలోమీటర్లే. 2011 భూకంపంలో దెబ్బతిని కొన్ని నెలలకే మళ్లీ నడిచింది. చివరి స్టేషన్ అజిగౌరాలో రిటైరైన పాత రైలు పెట్టెని గుడిగా పెట్టారు. అవును, రైలుకి గుడి. నేను దణ్ణం పెట్టుకున్నాను. కైరాకుఎన్ ఫొటో కూడా ఉంది, అడిగారు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

కెమెరా సంచి | మార్చి 8, రాత్రి 9:30

ఓఅరాయిలో ఏప్రిల్, మే నెలల్లో పాటు బాగా తీసిన రోజున ఇసుకలో గుల్లలు ఏరుతారు. హమాగురి అంటారు. సరదాగా ఉంటుంది గానీ నియమాలు గట్టివి. అనుమతించిన తీరంలోనే ఏరాలి, మనిషికి రోజుకి 1 కిలో దాటకూడదు, 3 సెంటీమీటర్ల లోపు పిల్ల గుల్లల్ని వదిలేయాలి. "ఎవరు చూస్తారులే" అని బకెట్ నింపే మనవాళ్లని చూశాను. అక్కడ చూసేవాళ్లుంటారు.

పంచాంగం పిచ్చి | మార్చి 9, ఉదయం 6:10

ఎవరూ కషిమా గుడి ఊసు ఎత్తలేదే! ఈ తీరానికి దక్షిణపు కొసన ఉంది. అక్కడ పన్నెండేళ్లకోసారి, గుర్రం సంవత్సరంలో, మిఫునే ఉత్సవం చేస్తారు. 2014లో జరిగింది, మళ్లీ ఈ 2026 సెప్టెంబరు మొదట్లోనే. దేవుణ్ణి పల్లకిలో తెచ్చి, డ్రాగన్ తలలున్న పెద్ద పడవ ఎక్కిస్తారు. వెంట పడవలు బారులు తీరి వస్తాయి. నీళ్ల మీదుగా వెళ్లి అవతలి కతోరి గుడి దేవుణ్ణి కలుస్తాడు. మన తెప్పోత్సవం లాంటిదే, కాకపోతే కోనేట్లో కాదు, పొరుగూరి దేవుడి దాకా ప్రయాణం.

పన్నెండేళ్ల లెక్క చూడండి. బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది, మన పుష్కరాలు దాన్ని పట్టే వస్తాయి. చైనా నుంచి జపాన్‌కి వచ్చిన పన్నెండు జంతువుల ఏళ్ల లెక్కకి మూలంలోనూ అదే గ్రహం ఉంది. అక్కడ ఈ ఏడు మిఫునే, ఇక్కడ వచ్చే ఏడు గోదావరి పుష్కరాలు.

గోదారి గట్టు | ఏప్రిల్ 24, రాత్రి 11:55

వెళ్లొచ్చాం. అందరికీ చెప్పాలి కదా.

గేటు తెరిచేసరికి అక్కడున్నాం. పనిదినమైనా జనం ఉన్నారు, కానీ ఊపిరాడేంత ఉన్నారు. కుర్చీ తోసే పని ఇల్లాలు గారు చెప్పినట్టే నాదే. సగం కొండలో అమ్మ "నువ్వు కూర్చో, నేను తోస్తాను" అని దిగిపోయి పైదాకా నడిచింది. రెండు రోజులుగా మోకాలికి కాపడం పెడుతున్నాం, అది వేరే సంగతి. పైన నిలబడితే అవతల సముద్రం, హితాచినాకా ఓడరేవు క్రేన్లు కనిపిస్తాయి. ఫొటోల్లో ఆ క్రేన్లు ఎవరూ పెట్టరు. నాన్న మాత్రం పూల కన్నా వాటినే ఎక్కువసేపు చూశారు, కాకినాడ పోర్టుతో పోలుస్తూ.

పులిహోర గడ్డి మీద తిన్నాం. పక్కన కూర్చున్న పెద్దావిడ పసుపు రంగు చూసి "కర్రీనా" అని అడిగింది. అమ్మ ఒక మూతలో పెట్టి ఇచ్చేసింది. ఆవిడ తన సంచిలోంచి హోషిఇమో ప్యాకెట్ తీసి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, పావుగంట మాట్లాడుకున్నారు.

తోరీ దగ్గరికి చేరేసరికి గాలి బాగా లేచింది. కెరటం ద్వారం నడుం దాకా కొట్టి విరిగిపోతోంది. నాన్న చెప్పులు విప్పి నిలబడి దణ్ణం పెట్టారు. అక్కడ చెప్పులు విప్పక్కర్లేదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు కొత్త తలనొప్పి. పంచాంగం పిచ్చి గారి పోస్టు రైల్లో చదివి వినిపించాను, తప్పు నాదే. సెప్టెంబరు దాకా ఉండి ఆ పడవల పండుగ చూసే వెళ్తానంటున్నారు నాన్న. వీసా జూలైతో అయిపోతుంది. పొడిగించుకునే దారి ఏమైనా ఉందా?

మోడరేటర్ | ఏప్రిల్ 25, ఉదయం 8:00

వీసా ప్రశ్నలకి వేరే విభాగం ఉందండీ, అక్కడ అడగండి. ఇతాకో పడవ పెళ్లిళ్లు మాత్రం జూన్ దాకానే ఉంటాయని నాన్నగారికి గుర్తు చేయండి.